రైన్ అవతల కాపురం: సిన్సినాటిలోని ఓవర్-ద-రైన్ గురించి తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

సిన్సినాటిలో కొత్తగా ఉద్యోగం వచ్చినవారు, ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఊళ్ళోనే ఉండిపోదలచినవారు, శివారు ఊళ్ళైన మేసన్‌లోనో వెస్ట్ చెస్టర్‌లోనో పదిహేనేళ్ళు గడిపి పిల్లలు కాలేజీలకు వెళ్ళాక చిన్న ఇంటికి మారాలనుకునేవారు ఓవర్-ద-రైన్ అనే పాత పేట గురించి ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోనులో అరగంట చెప్పడం కన్న ఒకచోట రాసి పెట్టడం మేలనిపించి ఈ జవాబులు కూర్చాను. వీటిని వరుసగా చదవనక్కరలేదు. కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్ళవచ్చు.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

రైన్ నది జర్మనీలో కదండీ ఉన్నది, ఒహాయోలో ఈ పేరేమిటి?

1820లలో తవ్విన మయామి-ఈరీ కాలువ ఒకప్పుడు సిన్సినాటి నడిబొడ్డుకు ఉత్తరంగా వంపు తిరిగి పారేది. ఆ కాలువకు అవతల, కొండల పాదాల దాకా ఉన్న నేలలో జర్మన్ వలసదారులు గుంపులుగా స్థిరపడటంతో ఇవతలివారు కాలువను వేళాకోళంగా ‘రైన్’ అనడం, వంతెన దాటి ఆ పేటకు వెళ్ళడాన్ని ‘రైన్ దాటడం’ అనడం మొదలుపెట్టారు. విజయవాడలో పెరిగినవారికి ఏలూరు కాలువకో బందరు కాలువకో ‘అవతల’ అని చిరునామా చెప్పడం ఎంత మామూలో ఇదీ అంతే. ఎగతాళిగా పుట్టిన మాట పేటకు పేరై నిలిచింది. ఇప్పుడు ఆ కాలువ లేదు. నీళ్ళు తీసేసిన కాలువ గర్భంలో 1920లో భూగర్భ రైలు సొరంగాలు కట్టడం మొదలుపెట్టి, డబ్బు చాలక మధ్యలో వదిలేసి, పైన సెంట్రల్ పార్క్‌వే అనే వెడల్పాటి రహదారి వేసి 1928లో తెరిచారు. సుమారు రెండు మైళ్ళ సొరంగం ఇప్పటికీ కింద ఉన్నది కాని అందులో ప్రయాణికుల రైలు ఒక్కటీ నడవలేదు. స్థానికులు పేట పేరును కుదించి ‘ఓటీఆర్’ అంటారు.

ఇప్పుడు అక్కడ జర్మన్లు ఉన్నారా? ఆ వాతావరణం ఏమైనా మిగిలిందా?

జర్మన్ మాట్లాడే కుటుంబాల పేటగా ఇది లేకుండా పోయి దాదాపు నూరేళ్ళవుతున్నది. మిగిలినది ఇటుకలో, రాతిలో, కొన్ని అలవాట్లలో ఉన్నది. 13వ వీధిలో 1842 నాటి ఓల్డ్ సెయింట్ మేరీస్ చర్చిలో జర్మన్ భాషలో ప్రార్థన ఇంకా జరుగుతుంది. మార్చి మొదట్లో బాక్‌ఫెస్ట్ అనే బీరు పండుగ పేరిట మేకను ముందు పెట్టుకొని ఊరేగింపు తీస్తారు. కొండవాలున ఉన్న ఫిలిప్పస్ చర్చి గోపురం మీద శిలువకు బదులు ఆకాశాన్ని చూపే బంగారు రంగు వేలు ఉంటుంది. మొదటిసారి చూసినవారు తప్పక ఆగి చూస్తారు.

తెలుగు తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. 1840 నుంచే ఈ నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో జర్మన్, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ చదువు చెప్పేవారు. వారాంతపు తెలుగు బడి కోసం గదులు వెతుక్కునే మనకు అది నమ్మశక్యం కాని వైభవం. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగగానే అంతా తలకిందులయింది. జర్మన్ చదువులు ఆగిపోయాయి, 1918లో వీధుల పేర్లు కూడా మార్చేశారు. బ్రెమెన్ స్ట్రీట్ రిపబ్లిక్ స్ట్రీట్ అయింది, బెర్లిన్ స్ట్రీట్ వుడ్రో స్ట్రీట్ అయింది. మూడు తరాలుగా వేళ్ళూనిన భాష బహిరంగ జీవితం నుంచి తొలగిపోవడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు.

అంత వైభవంగా ఉన్న పేట పాడుబడటానికి కారణమేమిటి?

ఒక్క కారణం చెప్పేవారిని నమ్మకండి. 1900 ప్రాంతంలో ఇక్కడ సుమారు 45,000 మంది కిక్కిరిసి ఉండేవారు. 2000 జనాభా లెక్కల నాటికి ఆ సంఖ్య 7,600 దగ్గరకు పడిపోయింది. 1870ల నుంచి కొండల మీదకు వాలు రైళ్ళు వేయడంతో కాస్త డబ్బు చేతిలో ఉన్న జర్మన్ కుటుంబాలు పైన గాలి వెలుతురు ఉన్న ఇళ్ళకు మారసాగాయి. తరువాత మద్యనిషేధం వచ్చి, పేటకు కూడు పెట్టిన బీరు కర్మాగారాలను మూయించింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అపలాచియన్ కొండల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన పేద కుటుంబాలు ఈ చౌక అద్దె ఇళ్ళలో చేరాయి. పక్కనే ఉన్న వెస్ట్ ఎండ్‌లో రహదారి కోసం, పారిశ్రామిక స్థలాల కోసం కెన్యన్-బార్ అనే ప్రాంతాన్ని నేలమట్టం చేసినప్పుడు ఇళ్ళు పోగొట్టుకున్న పాతిక వేల పైచిలుకు మందిలో, అత్యధికులు నల్లజాతివారు, చాలామంది ఇక్కడికి వచ్చారు. అదే సమయంలో తెల్లవారు శివార్లకు తరలిపోయారు, బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి, యజమానులు మరమ్మతులు వదిలేశారు. పై అంతస్తులు ఖాళీ అయి కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్ళు వందల్లో మిగిలాయి.

చిత్రమేమిటంటే ఆ నిర్లక్ష్యమే పేటను కాపాడిందని కూడా చెప్పుకోవచ్చు. కూల్చి కొత్తవి కట్టేంత లాభం ఎవరికీ కనబడకపోవడం వల్లనే ఇటలీ భవనాల పోలికలో కట్టిన పంతొమ్మిదవ శతాబ్దపు ‘ఇటాలియనేట్’ కట్టడాలు ఇన్ని ఒకేచోట నిలిచాయి.

2001లో అల్లర్లు జరిగిన చోటు ఇదేనా?

ఇదే. 2001 ఏప్రిల్‌లో తిమోతీ థామస్ అనే 19 ఏళ్ళ నిరాయుధ నల్లజాతి యువకుణ్ణి ఈ పేటలో ఒక పోలీసు అధికారి కాల్చి చంపడంతో నాలుగైదు రోజులపాటు అల్లర్లు చెలరేగి నగరంలో కర్ఫ్యూ విధించారు. మరుసటి సంవత్సరం నగరపాలన, పోలీసులు, పౌరహక్కుల సంఘాలు కలిసి కుదుర్చుకున్న ఒప్పందం పోలీసు సంస్కరణలకు నమూనాగా అమెరికా అంతటా ప్రస్తావనకు వచ్చింది. శివార్లలో స్థిరపడిన పాతతరం తెలుగువారు ‘అక్కడికెందుకు’ అని ఇప్పటికీ అనడానికి ఆ రోజుల జ్ఞాపకమే మూలం. వారి భయాన్ని కొట్టిపారేయవద్దు. అది పాతికేళ్ళ నాటి భయమని మాత్రం గుర్తుంచుకోండి.

దీన్ని బాగుచేసింది ఎవరు? పాతవాళ్ళను వెళ్ళగొట్టి బాగుచేశారంటారు, నిజమేనా?

నగరపాలన, స్థానిక పెద్ద సంస్థలు కలిసి 2003లో ‘త్రీసీడీసీ’ అని అందరూ పిలిచే లాభాపేక్ష లేని అభివృద్ధి సంస్థను ఏర్పాటుచేశాయి. అది మొదట వైన్ స్ట్రీట్ చుట్టూ ఖాళీ భవనాలను, స్థలాలను వరుసగా కొని, బాగుచేసి, కింద దుకాణాలు పైన ఇళ్ళు వచ్చేటట్టు చేసింది. 2012లో వాషింగ్టన్ పార్కును, కింద 450 కార్లు పట్టే గ్యారేజీతో సహా, కొత్తగా తెరిచారు. 1878 నాటి మ్యూజిక్ హాలును సంవత్సరానికి పైగా మూసి, బాగుచేసి 2017లో తెరిచారు.

రెండవ మాటకు జవాబు అంత సూటిగా ఉండదు. బాగుచేసిన భవనాల్లో ఎక్కువ భాగం అప్పటికే ఖాళీగా ఉన్నవన్న మాట నిజం. అద్దెలు పెరిగి, తక్కువ ఆదాయపు ఇళ్ళు తగ్గి, పాతవారు క్రమంగా తరలిపోవలసి వచ్చిందన్నదీ నిజమే. పార్కు పక్కన దశాబ్దాలుగా నడిచిన నిరాశ్రయుల ఆశ్రమం 2015లో వేరే చోటికి మారింది. పేదలకు అందుబాటు అద్దెలో ఇళ్ళు నడిపే ఓవర్-ద-రైన్ కమ్యూనిటీ హౌసింగ్ వంటి సంస్థలు ఇక్కడ ఇంకా పనిచేస్తున్నాయి కనుక మీ పక్కింట్లో మీకన్న పదోవంతు ఆదాయం ఉన్నవారు ఉండవచ్చు, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నవారూ ఉండవచ్చు. వారికి ఇది ‘కొత్తగా బాగుపడిన పేట’ కాదు, వారి పేట. ముందు నమస్కారం పెట్టవలసినది కొత్తగా వచ్చినవారేనని నా అభిప్రాయం.

## ఇల్లు వెతుకుతున్నప్పుడు

ఏ వీధుల్లో చూడాలి? లిబర్టీ స్ట్రీట్‌కు ఇటా, అటా?

1950లలో లిబర్టీ స్ట్రీట్‌ను వెడల్పు చేసినప్పుడు పేట రెండు ముక్కలయింది. దక్షిణపు ముక్కలో, అంటే సెంట్రల్ పార్క్‌వే నుంచి లిబర్టీ దాకా, పునరుద్ధరణ ముందుగా జరిగింది. హోటళ్ళు, నాటకశాలలు, పార్కు అక్కడే ఉన్నాయి, అద్దెలూ ఎక్కువ. ఉత్తరపు ముక్కలో ఫిండ్లే మార్కెట్, పాత బీరు కర్మాగారాల వరుసలు ఉన్నాయి. అక్కడ ఒక భవనం మెరుస్తూ ఉంటే పక్క భవనానికి ఇంకా చెక్కలు కొట్టి ఉండవచ్చు. కాబట్టి పేటను చూసి కాక, వీధిని చూసి, ఆ వీధిలో ఆ ఒక్క వరుసను చూసి నిర్ణయించుకోవాలి. మంగళవారం పగలు ఒకసారి, శనివారం రాత్రి పదకొండు గంటలకు ఒకసారి వెళ్ళి ఇంటి ముందు పావుగంట నిలబడితే ఏజెంటు చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి. చిరునామాలోని తూర్పు, పడమరలు వైన్ స్ట్రీట్ నుంచి మొదలవుతాయి. ఈస్ట్ 12వ వీధికి బదులు వెస్ట్ 12వ వీధికి వెళ్ళినవారు చాలామంది.

రాత్రిపూట భద్రమేనా? నిజం చెప్పండి.

పగలు, సాయంత్రం వేళల్లో దక్షిణ భాగపు ముఖ్యవీధులు కుటుంబాలతో, కుక్కలను నడిపించేవారితో నిండుగా ఉంటాయి. ఒహాయోలో బార్లు తెల్లవారుజామున రెండున్నర దాకా తెరిచి ఉండవచ్చు కనుక వారాంతాల్లో అర్ధరాత్రి దాటాక బార్లు మూసే సమయానికి జరిగే గొడవలు, అప్పుడప్పుడు తుపాకీ కాల్పులు ఇక్కడి అసలు సమస్య. మాదకద్రవ్యాల అమ్మకం జరిగే మూలలు కొన్ని ఉన్నాయి; వాటి జోలికి వెళ్ళనివారి జోలికి సాధారణంగా ఎవరూ రారు. కారులో బ్యాగు కనబడేటట్టు వదిలితే మాత్రం అద్దం పగలడం దాదాపు ఖాయమనుకోండి. పోలీసుశాఖకు అందిన నేరాల వివరాలను నగరపాలన బహిరంగంగా ప్రచురిస్తుంది. మీరు చూస్తున్న ఇంటి చుట్టూ గత సంవత్సరంలో ఏమి జరిగిందో అందులో మీరే చూసుకోవచ్చు. వదంతికన్న అది నయం.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఆరునెలలు ఉంటారు. వాళ్ళకు అనుకూలంగా ఉంటుందా?

రెండు విషయాల్లో చాలా అనుకూలం, ఒక విషయంలో చాలా కష్టం. శివారు ఇంట్లో మనం ఆఫీసుకు వెళ్ళాక తల్లిదండ్రులు కారు లేక బందీల్లా కూర్చుంటారు. ఇక్కడ పార్కుకు, బజారుకు, గ్రంథాలయానికి కాలినడకన వెళ్ళగలరు, ట్రామ్ ఎక్కితే నది ఒడ్డు దాకా ఉచితంగా తిరిగి రాగలరు. మా పేటలో అలా ప్రతి ఉదయం మార్కెట్టుకు వెళ్ళి వంకాయలు ఏరుకొని వచ్చే పెద్దవారిని చూస్తుంటాను. కష్టమేమిటంటే ఈ భవనాలు మూడు నాలుగు అంతస్తుల ఇరుకైన కట్టడాలు. చాలావాటిలో లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు వచ్చేటట్టయితే లిఫ్టు ఉన్న పెద్ద భవనాన్నో, కొత్తగా కట్టిన భవనాన్నో మాత్రమే చూడండి. లోపల నిద్రగది ఒక అంతస్తులోనూ స్నానాలగది మరొక అంతస్తులోనూ ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి, అది ఫొటోల్లో తెలియదు.

పోపు వాసన పక్కింటివారికి వెళుతుందని భయం. వంటింటి పొగ బయటకు పోతుందా?

ఇంటిని చూడటానికి వెళ్ళినప్పుడు పొయ్యి పైనున్న పొగగొట్టం పొగను నిజంగా గోడ బయటకు పంపుతున్నదా, లేక జల్లెడ గుండా తిప్పి మళ్ళీ మీ ముఖం మీదకే వదులుతున్నదా అని తప్పక అడగండి. పాత భవనాలను ముక్కలుగా విడగొట్టి చేసిన ఫ్లాట్లలో రెండవ రకమే ఎక్కువగా కనబడుతుంది. అద్దెకున్నవారు దాన్ని మార్చలేరు. కొనుక్కున్నవారు మార్చుకోవాలన్నా వీధివైపు గోడకు రంధ్రం పెట్టడానికి నగర చారిత్రక పరిరక్షణ విభాగం ఒప్పుకోవడం కష్టం; వెనుక గోడవైపో కప్పు మీదకో దారి ఉంటేనే సాధ్యం. చేపల పులుసు వారానికి రెండుసార్లు వండే ఇల్లయితే కిటికీలు ఎదురెదురుగా ఉన్న ఫ్లాట్ వెతుక్కోవడం ఉత్తమం.

కారు ఎక్కడ పెట్టుకోవాలి? రెండు కార్లున్నాయి.

ఒకటి అమ్మేయగలరేమో ఆలోచించండి. ఈ పేట కార్లు పుట్టకముందు కట్టినది. ఇళ్ళకు గ్యారేజీలు అరుదు. దక్షిణ భాగంలో నివాసులకు అనుమతి పత్రంతో వీధిలో పెట్టుకునే పద్ధతి ఉన్నది కాని ఆ పత్రం ఉన్నంత మాత్రాన ఖాళీ స్థలం దొరుకుతుందన్న హామీ లేదు. మ్యూజిక్ హాలులో కచేరీ ఉన్న రాత్రి అసలే దొరకదు. చాలామంది నెలవారీ రుసుముకు గ్యారేజీలో స్థలం తీసుకుంటారు. ఇంటి అద్దె లెక్క వేసుకునేటప్పుడు ఆ రుసుమును కూడా అద్దెలో భాగంగానే చూడాలి.

చంటిపిల్ల ఉన్నది. పాత ఇంట్లో సీసం ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది, తేలికగా తీసుకోవద్దు. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ. అమ్మేవారు గాని అద్దెకిచ్చేవారు గాని తమకు తెలిసిన వివరాలను లిఖితపూర్వకంగా వెల్లడించాలని సమాఖ్య చట్టం చెబుతున్నది. పూర్తిగా ఊడదీసి కొత్తగా చేసిన ఇంట్లో ప్రమాదం తక్కువ. పైపై మెరుగులు దిద్దిన ఇంట్లో పాత కిటికీ చట్రాల రాపిడి నుంచి రాలే పొడి అసలు శత్రువు. మంచినీటి గొట్టం సీసపుదా కాదా అన్నది నగర జలమండలి వద్ద చిరునామా ఇచ్చి తెలుసుకోవచ్చు. సీసపు గొట్టాలను మార్చే కార్యక్రమం కూడా వారు నడుపుతున్నారు. పిల్లకు ఏడాది, రెండేళ్ళ వయసుల్లో రక్తపరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి.

## కొనేటప్పుడు

సొంత ఇంటికి కిటికీ మార్చుకోవడానికి కూడా అనుమతి కావాలా?

బయటికి కనబడే కిటికీ అయితే కావాలి. సుమారు 360 ఎకరాల ఈ ప్రాంతం 1983లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు ఎక్కింది. అయితే మీ చేతులు కట్టేది ఆ జాతీయ జాబితా కాదు. స్థానిక చారిత్రక మండలంగా నగరపాలన పెట్టిన నియమాలు. వాటి ప్రకారం వెలుపలి మార్పులకు, కొత్త నిర్మాణానికి, కూల్చివేతకు ముందుగా అనుమతి పత్రం పొందాలి. చిన్న పనులకు అధికారులే అనుమతిస్తారు. పెద్దవి చారిత్రక పరిరక్షణ మండలి ముందు విచారణకు వెళతాయి. ఇంటి లోపల మీ ఇష్టం: వంటిల్లు తూర్పుకు మార్చుకోండి, గోడ తీసేసి పూజగది పెట్టుకోండి, దానికి మామూలు భవన నిర్మాణ అనుమతులు చాలు.

వాస్తు కోసం సింహద్వారం మార్చాలని అడిగేవారు ఉన్నారు. వీధివైపు ద్వారం స్థానం మార్చడానికి అనుమతి దొరుకుతుందని ఆశపడి ఇల్లు కొనవద్దు; దిక్కు ముఖ్యమనుకుంటే ఆ దిక్కున ద్వారం ఉన్న ఇల్లే వెతుక్కోండి.

పాత ఇటుక గోడలు, రాతి సెల్లార్ చూస్తే భయమేస్తున్నది. తనిఖీలో ఏమి చూడాలి?

ఈ ఇళ్ళలో ఎక్కువభాగం 1860ల నుంచి 1880ల మధ్య కట్టినవి. పునాది సున్నపురాయి, గోడలు మెత్తటి ఇటుక, అతుకు సున్నం. మన పాత మండువా ఇళ్ళ గోడల్లో గానుగ సున్నం చేసిన పనినే ఇక్కడి సున్నపు అతుకూ చేస్తుంది. గోడలోకి దిగిన తడిని అది బయటకు వదిలేస్తుంది, ఇటుక కదిలినప్పుడు తానూ కాస్త కదులుతుంది. తెలియని మేస్త్రి ఆ అతుకుల్లో గట్టి సిమెంటు పూస్తే తడి ఇటుకలోనే చిక్కి, చలికాలంలో గడ్డకట్టి, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. కనుక తనిఖీకి వచ్చినవారిని మొదట అడగవలసినది ‘అతుకులు సున్నంతో చేశారా, సిమెంటుతో చేశారా’ అని. తరువాత కప్పు అంచునున్న చెక్క తోరణపు పని, వాననీటి గొట్టాలు, పక్కింటితో కలిసిన గోడ చూడాలి.

సెల్లార్‌లో కొంత చెమ్మ సహజం. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ అక్కడ పెట్టవద్దు. సిన్సినాటి పాత భాగంలో వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. కుండపోత వానలో ఆ నీరు సెల్లార్‌లోకి ఎదురుతన్నవచ్చు. ఇంటి బీమాలో మురుగు ఎదురుతన్నడానికి విడిగా రక్షణ చేర్చుకోవాలి, మామూలు పాలసీలో అది సాధారణంగా ఉండదు.

‘టాక్స్ అబేట్‌మెంట్ ఉన్నది’ అని ప్రకటనలో రాశారు. పన్ను కట్టనక్కరలేదా?

కట్టాలి, కాని తక్కువ. ఈ మినహాయింపు మెరుగుదల వల్ల పెరిగిన విలువకు, అదీ నిర్ణీత సంవత్సరాల పాటు మాత్రమే వర్తిస్తుంది. స్థలానికి, పూర్వపు విలువకు పన్ను ఎప్పటిలాగే ఉంటుంది. ఇల్లు చేతులు మారినా మిగిలిన కాలం కొత్త యజమానికి వస్తుంది. మీరు అడగవలసిన ప్రశ్న ‘మినహాయింపు ఉన్నదా’ అని కాదు, ‘ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉన్నది, ఆ తరువాత పన్ను ఎంత అవుతుంది’ అని. హామిల్టన్ కౌంటీ ఆడిటర్ వెబ్‌సైటులో ఏ ఇంటి పన్ను వివరాలైనా, పాత అమ్మకపు ధరలైనా ఎవరైనా చూడవచ్చు. మినహాయింపు గడువు ముగిసిన మరుసటి సంవత్సరం నెలసరి వాయిదా ఒక్కసారిగా ఎగబాకి కంగారుపడిన కుటుంబాలు ఉన్నాయి. పైగా ఒహాయోలో ఆరేళ్ళకొకసారి ఆస్తుల విలువను కొత్తగా లెక్కగట్టి, మధ్యలో మూడేళ్ళకు సవరిస్తారు.

పాత ఇల్లు బాగుచేస్తే ప్రభుత్వం డబ్బు తిరిగి ఇస్తుందట కదా?

సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ ఆదాయం తెచ్చే చారిత్రక భవనాలకు మాత్రమే. మీరు స్వయంగా కాపురముండే ఇంటికి అది రాదు. ఒహాయో రాష్ట్రపు 25 శాతం రాయితీ పోటీ పద్ధతిలో ఇస్తారు, ఆచరణలో దాన్ని అందుకునేది ఎక్కువగా పెద్ద నిర్మాణదారులే.

## కాపురం పెట్టాక

సరుకులు, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయి?

ఫిండ్లే మార్కెట్ 1855లో తెరిచినది. ఒహాయోలో అప్పటి నుంచి నిరంతరాయంగా నడుస్తున్న బహిరంగ మార్కెట్లలో ఇదే అతి పాతది. కూరగాయలు, పళ్ళు, చేపలు, మాంసం, మసాలా దినుసులు అక్కడ విడివిడి దుకాణాల్లో దొరుకుతాయి. వేసవి వారాంతాల్లో చుట్టుపక్కల రైతులు తెచ్చే టమాటాలు, పచ్చిమిరప చూస్తే మన రైతుబజారు గుర్తొస్తుంది, ధర అడిగాక మరచిపోతాము. మిగతా సరుకులకు కోర్ట్ స్ట్రీట్ దగ్గర 2019లో తెరిచిన క్రోగర్ దుకాణం నడకదూరంలో ఉన్నది. కరివేపాకు, మినప్పప్పు, సోనామసూరి బియ్యం, గోంగూర కోసం శివార్లలోని భారతీయ దుకాణాలకు నెలకు ఒకటి రెండుసార్లు కారు తీయక తప్పదు.

గెట్టా అనేది ప్రతి హోటల్లోనూ పెడుతున్నారు. శాకాహారమా?

కాదు. చూడటానికి ఓట్స్‌తో చేసిన రొట్టెలా ఉంటుంది, ఓట్స్ ఉన్న మాటా నిజమే. కాని పంది మాంసంతో, తరచు గొడ్డు మాంసం కూడా కలిపి ఉడికించి చేసే జర్మన్ వలసదారుల వంటకమది. ఉదయం ఫలహారంలో అడగకుండానే పక్కన వడ్డించవచ్చు కనుక ముందే చెప్పండి.

ట్రామ్ మీద ఆధారపడి ఆఫీసుకు, యూనివర్సిటీకి వెళ్ళవచ్చా?

ఆఫీసు నగర కేంద్రంలో ఉంటే వెళ్ళవచ్చు. 2016 సెప్టెంబరులో మొదలైన ఈ ట్రామ్ 3.6 మైళ్ళ చుట్టుదారిలో నది ఒడ్డు నుంచి ఫిండ్లే మార్కెట్ పై వరకు 18 చోట్ల ఆగుతుంది. 2020 నుంచి టికెట్టు లేదు. విశ్వవిద్యాలయం కొండ పైన ఉన్నది, ట్రామ్ కొండ ఎక్కదు; ఎక్కించాలన్న తొలి ఆలోచనను ఖర్చు చూసి వదిలేశారు. అక్కడికి ‘మెట్రో’ అనే నగర బస్సు ఉన్నది. మేసన్ వైపు ఉద్యోగమైతే ఇరవై మైళ్ళకు పైగా కారు ప్రయాణం తప్పదు. ఊరి జనం ఉదయం లోపలికి వస్తుంటే మీరు బయటకు వెళతారు కాబట్టి దారి కొంత తేలికగా ఉండటమే ఊరట.

పిల్లల చదువు మాటేమిటి? అందరూ మేసన్‌కే వెళ్ళమంటున్నారు.

వారు అలా అనడానికి కారణం లేకపోలేదు. శివార్లలో చిరునామా ఉంటే చాలు, మంచి పాఠశాల దొరికినట్టే. ఇక్కడ మీరు వెతుక్కోవాలి, దరఖాస్తు గడువులు గుర్తుపెట్టుకోవాలి. సెంట్రల్ పార్క్‌వే పక్కనే సంగీత, నృత్య, నాటక కళల ప్రభుత్వ పాఠశాల ఉన్నది; 2010లో కొత్త భవనంలోకి వచ్చింది, అందులో చేరడానికి ప్రతిభాపరీక్ష కీలకం. ఏడవ తరగతి నుంచి ప్రవేశపరీక్షతో తీసుకునే వాల్‌నట్ హిల్స్ హైస్కూల్ ఈ నగరపు ప్రభుత్వ పాఠశాలల్లో పేరెన్నికగన్నది. క్లిఫ్టన్ వైపున్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో జర్మన్ భాష నేర్పుతారు; 1918లో బళ్ళ నుంచి వెళ్ళగొట్టిన భాష అలా తిరిగి వచ్చింది. పిల్లలు బడి వయసులో ఉండి, వెతికే ఓపిక మీకు లేకపోతే శివారుకు వెళ్ళడమే మంచిది. ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

నగరానికి వేరే ఆదాయపు పన్ను కట్టాలట, నిజమేనా?

నిజమే. సిన్సినాటి నగరం సంపాదన మీద 1.8 శాతం పన్ను తీసుకుంటుంది. 2020 అక్టోబరుకు ముందు అది 2.1 శాతం ఉండేది. ఇక్కడ నివసిస్తూ మరొక ఊళ్ళో ఉద్యోగం చేసేవారికి ఆ ఊరికి కట్టిన పన్నును పరిగణించి మినహాయింపు ఇస్తారు, ఆ ఊరి రేటు తక్కువైతే తేడా ఇక్కడ కట్టాలి. ఇంటి నుంచే పనిచేసేవారు యజమాని సంస్థ ఏ ఊరికి పన్ను కోస్తున్నదో జీతపు చీటీలో చూసుకోండి.

వ్రతాలు, హోమాలు చేసుకోవచ్చా? గుమ్మానికి తోరణం కట్టవచ్చా?

తోరణానికి, గడప ముందు ముగ్గుకు ఏ చారిత్రక మండలి అనుమతీ అక్కరలేదు. వ్రతానికి ఇబ్బంది లేదు. హోమం మాత్రం ఫ్లాట్‌లో వద్దు. పొగ హెచ్చరిక గంట భవనమంతటికీ కలిపి ఉంటే పూర్ణాహుతి వేళకు అగ్నిమాపక యంత్రం వచ్చి నిలుస్తుంది. గుడికి వెళ్ళి చేయించుకోవడం సుఖం. గుళ్ళన్నీ శివార్లలోనే ఉన్నాయి.

శబ్దం ఎక్కువగా ఉంటుందా?

ఉంటుంది. ఆదివారం చర్చి గంటలు, వేసవి సాయంత్రాలు పార్కులో కచేరీలు, కింద హోటల్ ఉంటే తెల్లవారుజామున సీసాల డబ్బాలు ఖాళీచేసే చప్పుడు. 1920 నుంచి బేస్‌బాల్ ఆటల తొలి రోజున ఫిండ్లే మార్కెట్ నుంచి పెద్ద ఊరేగింపు బయలుదేరుతుంది; ఆ రోజు కారు కదపలేరు. నిద్రగది వెనుకవైపు ఉన్న ఇల్లు తీసుకోండి.

ఇండియా నుంచి చుట్టాలు వచ్చారు. ఒక్క పూటలో ఏమి చూపించాలి?

మార్కెట్టులో మొదలుపెట్టండి, ఖాళీ సంచి తీసుకెళ్ళండి. అక్కడి నుంచి ఎల్మ్ స్ట్రీట్ వెంబడి దక్షిణంగా నడుస్తూ దారిలో ఇళ్ళ కప్పుల అంచులు తలెత్తి చూపించండి. మ్యూజిక్ హాలు ముందు ఆగి, ఆ నేల ఒకప్పుడు అనాథ శవాల శ్మశానమనీ, తవ్వినప్పుడు ఎముకలు బయటపడ్డాయనీ చెబితే పిల్లలు కూడా ఫోను పక్కన పెడతారు. ఎదుటి పార్కులో కాసేపు కూర్చొని, తూర్పుగా రేస్ స్ట్రీట్ దాటితే రిపబ్లిక్ స్ట్రీట్ వస్తుంది. నేను చుట్టాలను అక్కడ నిలబెట్టి, ఆ వీధి అసలు పేరు బ్రెమెన్ అని చెబుతాను. ‘మరి ఎందుకు మార్చారు’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.